మామగారి గడియారంలో సగం

మొన్న భీమవరం నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చారు. పాత వస్తువుల మీద వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో పెడతారట. ఏలూరులో ఒక రిటైరైన ఇరిగేషన్ గుమాస్తా ఇంట్లో బరువులతో నడిచే గడియారాలు ఉన్నాయని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చారు. హాలంతా తిప్పి ఒక్కొక్కటీ చూపించాను. వీటిలో స్ప్రింగు ఉండదని, గొలుసుకి వేలాడే బరువు నెమ్మదిగా కిందికి దిగుతూ చక్రాలను తిప్పుతుందని, అది అడుక్కి చేరేలోగా మళ్ళీ పైకి లాగాలని, అంతకు మించి దీనికి తిండీ నీళ్ళూ అక్కర్లేదని నాకు అలవాటైన ఉపన్యాసం ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విని, ఫోన్ నా మొహం ముందు పెట్టి, "వీటన్నిట్లోకీ మంచిది ఏదండి?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి మా ఆవిడ, "అది ఇక్కడ లేదండి. గూడెంలో మా అక్క వాళ్ళింట్లో ఉందండి," అంది. నా నవ్వుతో పాటు ఆ మాట కూడా వీడియోలో పడింది.

తాడేపల్లిగూడెంలో ఉండే ఆ అక్కగారి భర్త నాకు తోడల్లుడు. ఆయనంటే నాకు అసూయ. ఈ వయసులో దానికి ఇంకో మర్యాదైన పేరు పెట్టడం ఎందుకు? ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. పొడుగ్గా ఉంటారు, చొక్కా నలగదు, ఏ మాటన్నా ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకోదు. ఈ గడియారాల పిచ్చి ముందు నాది. పెళ్ళయిన కొత్తలో ఒక పాత సామాన్ల కొట్లో తుప్పు పట్టి పడి ఉన్నదాన్ని కొనుక్కొచ్చి, చక్రాలు ఊడదీసి కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, నెలల తరబడి కుస్తీ పట్టి నడిపించాను. ఆయన మా ఇంటికొచ్చి దాన్ని చూసి, "భలే ఉందండీ తమ్ముడుగారూ," అని వెళ్ళారు. తరవాతి పండక్కి ఆయనింట్లో రెండు ఉన్నాయి. రెండూ నాదానికంటే బాగా నడుస్తున్నాయి. నా దగ్గర అంటుకున్న జలుబు ఆయన ఒంట్లో చేరాక పాటగా మారినట్టనిపించింది నాకు.

మా మామగారిది కైకలూరు. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేశారు. దొరలు బంగళా ఖాళీ చేసి వెళ్ళిపోతున్నప్పుడు ఆయన తండ్రి కొన్న నిలువెత్తు గడియారం ఒకటి వాళ్ళ ముందు గదిలో ఉండేది. కొల్లేటి తేమకి దాని చెక్క ఉబ్బిపోయి, వానాకాలమంతా తలుపు పట్టేసేది. లోపల రెండు ఇత్తడి బరువులు, ఒకటి ముల్లు నడపడానికి, ఒకటి గంట కొట్టడానికి. ఆదివారం చర్చి నుంచి రాగానే, కోటు కూడా విప్పకుండా మామగారు ఆ తలుపు తీసేవారు. గొలుసు ఊరికే లాగితే పళ్ళచక్రాల మీద భారం పడి అరిగిపోతాయని ఆయన నమ్మకం. అందుకని కూతుళ్ళిద్దరినీ చెరోవైపు నిలబెట్టి, ఒక్కో బరువు కింద ఒక్కొక్కరి అరచేతులు పెట్టించి, వాళ్ళు పైకి ఎత్తుతుంటే తను మెల్లగా గొలుసు లాగేవారు. గడియారంలో ఇంకేదీ వాళ్ళు ముట్టుకోవడానికి లేదు. ఇదంతా మా ఆవిడ చెప్పగా నాకు తెలుసు. అప్పట్లో నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, నా కళ్ళు ఎప్పుడూ దాని యంత్రం మీదే ఉండేవి.

అల్లుళ్ళ విషయంలో మామగారి తూకం తూకమే. ఒకరికి పెట్టిన బట్ట రంగే ఇంకొకరికీ. కొర్రమీను పులుసు చేయిస్తే చేపలు రెండు తెప్పించేవారు, తలకాయ ఒకరికి పడి ఇంకొకరికి పడకపోతే ఎట్లా అని. అత్తగారు పోయాక ఆయన ఆ ఇల్లు వదిలి చిన్న ఇంట్లోకి మారిపోతూ, ఒక ఆదివారం భోజనాలయ్యాక మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, "గడియారం మీ ఇద్దర్లో ఎవరు పట్టుకెళ్తారో మీరే చెప్పండి బాబూ," అన్నారు. అది నాకు ఎంత కావాలో చెప్పలేను. అప్పటికే మా హాల్లో దానికి గోడ చూసి పెట్టుకున్నాను. కానీ అడగ్గానే చెయ్యి చాపితే మర్యాద కాదు కదా. "అన్నగారు పెద్దవారు, ఆయన్ని తీసుకోమనండి," అన్నాను. ఆయన కాదు కూడదంటారు, నేను ఒకసారి మొహమాటపడి ఒప్పుకుంటాను, అదీ నా లెక్క. తోడల్లుడు కూడా అదే లెక్క వేసినట్టున్నారు. "అబ్బే, తమ్ముడుగారికి వీటి మీద ఎంత ప్రేమో నాకు తెలీదాండీ, ఆయనే తీసుకోవాలి," అన్నారు. లేదండి మీరే, కాదండి మీరే అని ఇద్దరం చాలాసేపు పోటీ పడ్డాం. మా ప్రాంతంలో ఇలాంటి పోటీలో ఎవరో ఒక పెద్దమనిషి కల్పించుకుని తీర్పు చెప్పాలి. మామగారు చెప్పారు. ఇంత పెద్ద మనసున్న అల్లుళ్ళని నొప్పించలేక, పెట్టె, యంత్రం, అంకెల పళ్ళెం నాకూ, బరువులు రెండూ, పెండ్యులం ఆయనకీ ఇచ్చేశారు. ఇద్దరం "అలాగేనండి" అన్నాం. ఇంకేం అంటాం?

ఆటో మీద పెట్టెని కట్టించుకుని వస్తూ నేను లోపల్లోపల గంతులేశాను. సింహభాగం నాదే. బరువులదేముంది, పవర్‌పేటలో ఒక లేత్ షాపుకి వెళ్ళి ఇత్తడి గొట్టంలో సీసం పోయించాను, పెండ్యులం కొలత చూసి చేయించాను. గడియారం నడిచింది. కొంచెం ముందుకో వెనక్కో పోతుంది, గంట మాత్రం పాత గంటే. మన పల్లకీలో పెళ్ళికొడుకు ఉన్నాడు, ఆయన పల్లకీలో చెప్పులు ఉన్నాయి అని మురిసిపోయాను. ఆ తరవాత తోడల్లుడు రాజమండ్రిలో ఎక్కడో ఒక యంత్రం సంపాదించి, టేకుపెట్టె చేయించి, అందులో మామగారి బరువులూ పెండ్యులమూ తగిలించారు. మమ్మల్ని భోజనానికి పిలిచారు.

చూద్దును కదా, మా ఆవిడ లోపలికి అడుగు పెట్టగానే చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా ఆ గడియారం దగ్గరికి వెళ్ళింది. తలుపు తీసి ఒక బరువు కింద అరచేతులు పెట్టింది. రెండో బరువు కింద వాళ్ళక్క పెట్టింది. తోడల్లుడు గొలుసు లాగారు. మా ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. మా ఇంట్లో గడియారం ముందు ఆమె అలా నిలబడింది నేనెప్పుడూ చూడలేదు. బస్సులో తిరిగి వస్తూ ఉండబట్టలేక, "మీ నాన్నగారి గడియారం ఉన్నది మనింట్లో కదా," అన్నాను. "మనింట్లో ఉన్నది దాని మొహమండి. నాన్నగారు మమ్మల్ని ముట్టుకోనిచ్చింది ఆ బరువుల్నే," అంది. కిటికీలోంచి చేపల చెరువుల వాసన కొడుతోంది.

ఆ బరువులు తోడల్లుణ్ణి అడిగాను. సిగ్గు విడిచి ఒకటికి రెండుసార్లు అడిగాను. ఆయన ఎప్పటిలాగే చల్లగా నవ్వి, "మీరు అడిగితే కాదంటానాండీ. కాకపోతే మామగారు నాకిచ్చారు కదా," అనేవారు. మామగారు పోయాక ఆ మాటకి ఇంకా బలం వచ్చింది. బంధువులంతా గూడెంలో ఉన్నదాన్నే మామగారి గడియారం అనడం మొదలుపెట్టారు. నాది వాళ్ళకి గోడ పక్కన ఉన్న బీరువాతో సమానం.

పోయినేడు తోడల్లుడికి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి భయం లేదుగానీ కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి వదినగారు ఫోన్ చేసి, "గడియారం ఆగిపోయింది మరిదిగారూ. నేనొక్కదాన్నే బరువెత్తుతూ లాగబోతే గొలుసు చేతిలోంచి జారిపోతోంది. పనివాళ్ళని ఆయన ముట్టుకోనివ్వట్లేదండి, మిమ్మల్నే రమ్మంటున్నారు," అన్నారు. నాకు ముందు సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు, ఆగిపోయింది అన్న మాట చెవికి తియ్యగా ఉంది. ఆదివారం బయల్దేరాం. బస్సు గుండుగొలను దాటేదాకా ఆ సంతోషం అలాగే ఉంది.

ఆయన గడియారానికి ఎదురుగా కుర్చీలో ఉన్నారు. చొక్కా నలిగి ఉంది. చక్రాలు చూశాను, గొలుసు చూశాను, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నా గడియారాల్లో ఒక్కటీ లోపల అంత శుభ్రంగా ఉండదు, అదీ చూసి మండింది. "దానికేం లేదండీ తమ్ముడుగారూ, లాగే చెయ్యే లేదు," అన్నారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది. తరవాత, "ఆ బరువులు మీరు పట్టుకెళ్ళిపోండి. ఇన్నాళ్ళూ ఇవ్వకపోవడం నా చిన్నతనం," అన్నారు.

కొక్కెం విడిపించి ఒక బరువు చేతుల్లోకి తీసుకున్నాను. అడుగున ఇత్తడి అరిగి నున్నగా ఉంది. ఎన్నేళ్ళుగానో కోరుకున్నది రెండు చేతుల నిండా ఉంది. వదినగారు వంటింటి గుమ్మంలో నిలబడి వేరే వైపు చూస్తున్నారు. ఆయన మాత్రం నావైపే చూస్తున్నారు, ఇచ్చేసినవాడి చూపు కాదది. అది పట్టుకెళ్తే ఆ కుర్చీకి ఎదురుగా ఒక ఖాళీ పెట్టె మిగులుతుంది. దాన్ని తిరిగి కొక్కేనికి తగిలించి, "ఇవాళ బస్సు మరీ కిటకిటలాడుతోందండి. వచ్చే ఆదివారం చూద్దాం," అన్నాను. ఆడవాళ్ళిద్దరూ వచ్చి చేతులు పెట్టారు. నేను గొలుసు లాగాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళుతున్నాను. పట్టుకెళ్ళండి అని ఆయన, వచ్చేవారం అని నేను. ఎంత మంచి మనసో అని బంధువులు నన్ను మెచ్చుకుంటున్నారట. వాళ్ళకేం తెలుసు? ఆ గడియారం నడక వింటే ఇప్పటికీ నాకు కుళ్ళే. అయితే ఈ మధ్య ఆయన గొంతు మరీ సన్నబడింది. గొలుసు లాగుతున్నప్పుడు, ఆ బరువు మళ్ళీ అడుక్కి దిగేదాకా ఉన్న వారం రోజులూ ఆయనకి నేనే ఇస్తున్నట్టు అనిపిస్తుంది. ఇంకో వారం కూడా ముందుగానే ఇచ్చేద్దామని ఎంత గట్టిగా లాగినా, పైదాకా వచ్చిన బరువు ఇక కదలదు.