తిరుమంజనపు అద్దం

ఇన్నేళ్లూ ఒక గాజుపెంకును గుండెలో దాచుకుని బతికాను. కదిపితే కోస్తుందని కదపలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తమిళనాడులోని గుడియాత్తంలో మా నేతగాళ్ల వీధి భజన మందిరంలో విగ్రహం లేదు, పెరుమాళ్ల పటమే. పటం మీద నీళ్లు పోయకూడదు కనుక ఎదురుగా అద్దం నిలిపి, అద్దం మీద నీళ్లు పోసి, అందులో కనబడే స్వామికి తిరుమంజనం, అంటే అభిషేకం, చేస్తాం. ఆ సేవ నాది.

మా భజన గోష్ఠికి సినిమా నిషిద్ధం. దేవుడు లేడనే పార్టీవాళ్ల సినిమా అయితే చెప్పనే అక్కర్లేదు. అయినా ఒక శనివారం పక్కింటి మాణిక్యంతో చాటుగా మ్యాటినీకి వెళ్లాను. అతనూ నేతగాడే, ఆ పార్టీ నల్లచొక్కా మనిషి. ఆ సినిమాలో గుడి నగలు కాజేసిన ధర్మకర్త నిలువుటద్దం ముందు నామం దిద్దుకుంటాడు. కెమెరా అతన్ని చూపదు, అద్దాన్నే చూపుతుంది. అద్దం మెల్లగా బీటవారుతుంది. పెంకుకొక మొహం, మొహానికొక నామం. హాలంతా ఈలలు.

బయట టీకొట్టు దగ్గర మాణిక్యం నవ్వాడు.

"ఏం సామీ, అట్ట బిగుసుకొని పోయినావు? నీ మొగమేమన్నా కనపడిందా?"

"నోరు ముయ్యప్పా! ఎవురన్నా ఇంటారు."

"ఇననీ. టికెట్టు నేను తీసినా, పాపం సగం నీదే. టీకి నువ్వియ్యి."

మర్నాడు పొద్దున చెంబెత్తాను. అద్దంలో స్వామి పక్కన నా మొహం. ఎప్పుడూ కనబడేదే. ఆ రోజు మాత్రం అది ధర్మకర్త మొహంలా ఉంది. చెంబు జారి అద్దానికి తగిలింది. బీట నా నుదుటి మీదుగా పాకింది.

చప్పుడు విని గోష్ఠి పెద్ద వచ్చాడు. మా మగ్గాలన్నిటికీ నూలు ఇచ్చేదీ ఆయనే. "ఎవురు?" అన్నాడు.

"మాణిక్యం వచ్చి పోయినాడు సామీ."

సేవ పోతుందని భయపడ్డానా? సినిమా సంగతి బయటపడుతుందనా? ఏదైతేనేం, మాట దాటిపోయింది. ఆ రోజు నుంచి మాణిక్యానికి నూలు అందలేదు. ఊరు విడిచే ముందు మా అరుగు దగ్గర ఒక్క క్షణం ఆగి, "అద్దంలో నీ మొగం చూసుకొని నా మొగం చూపించినావే, అప్పా," అన్నాడు. సినిమా సంగతి చెప్పి ఉంటే నన్నూ వెలివేసేవారు. అతను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?

భగవంతుడు తనకు చేసిన తప్పును మన్నిస్తాడు గానీ భాగవతుడికి చేసిన దాన్ని మన్నించడని చదువుకున్నవాణ్ణి. మాణిక్యం దేవుణ్ణి నమ్మడు గదా, భాగవతుడెలా అవుతాడు, అని నాకు నేను వ్యాఖ్యానం చెప్పుకున్నాను. శాస్త్రాన్ని అంత చక్కగా వాడుకున్నాను.

అరక్కోణం స్టేషన్లో మూటలు మోసేవాడని విన్నాను. తర్వాత పోయాడని విన్నాను.

మందిరానికి కొత్త అద్దం వచ్చింది. దాని ముందు ఎప్పుడూ ఒక పక్కకు ఒదిగి నిలబడతాను, నా మొహం పడకుండా. చూసినవాళ్లు వినయం అనుకుంటారు.

ఈ పొద్దున ఒదగలేదు. నీళ్లు పోశాను. స్వామి పక్కన ఒక ముసలి మొహం తడిసింది. చూశాను.