అందరికీ ఒక్కటే పేజీ

ఆ ఇంట్లో ముగ్గురూ ఆడపిల్లలే. అందులో నడిపిది వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో పనిచేసేది. వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసినవాడు, వీధంతా ‘రేడియో మామయ్య’ అనే పిలిచేది. షుగరు ముందు ఆయన చూపు మింగింది, ఆ తర్వాత మూత్రపిండాల మీద పడింది. డయాలసిస్ తప్పలేదు.

చూపు పోయినా ఒకరి చేత చెయ్యి పట్టించుకునే మనిషి కాదాయన. తెర మీద ఉన్నది ఫోను చదివి వినిపిస్తుంటే చెవికి ఆనించుకుని తన పనులు తనే చక్కబెట్టుకునేవాడు. డయాలసిస్‌కి టైము తనే తీసుకోవాలి. ఆయనకు మిగిలిన పెత్తనం అదొక్కటే.

ఆ టైములిచ్చే డయాలసిస్ కేంద్రానికి కొత్తగా వెబ్‌సైటు చేసింది నడిపిదాని ఆఫీసే. రంగులూ బొమ్మలూ చూస్తే రెండు కళ్ళూ చాలవు. నాన్న ఫోను మాత్రం “బటన్... బటన్... బటన్” అని చిలకలా వల్లించింది. ఏది దేనికో చెప్పలేదు. నడిపిది వెళ్ళి ఆఫీసు పెద్దాయనతో మొరపెట్టుకుంది.

“ముందు సైటు తెరిచేద్దామమ్మా. చూపు లేనివాళ్ళకి సాదాగా వేరే పేజీ ఒకటి పడెయ్. వాళ్ళకి రంగులెందుకు?” అన్నాడాయన.

సరేనని పెట్టింది. ఆ పేజీని ఫోను గడగడా చదివింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

అప్పట్నుంచి ఆయన ప్రయాణం ఎప్పుడూ తెల్లవారుజామునే. మోకాళ్ళ నొప్పులతో అమ్మ చలిలో వెంట నడిచేది.

“మధ్యాహ్నం తీసుకోవచ్చుగా నాన్నా?”

“ఖాళీ ఉంటేగా! అయినా నాకు తెల్లారితే ఎంత, పొద్దుగూకితే ఎంత?” అని నవ్వేసేవాడు.

ఒకరోజు అమ్మ లేవలేకపోతే నడిపిదే తీసుకెళ్ళింది. పక్క మంచం మీద ఉన్న ఒకప్పటి బస్సు డ్రైవరు నాన్నని చూసి, “ఏం బావా, కోడితో పందెమా? నేనంటే ఇవాళ వేరే పనుండి పొద్దున్నే వచ్చాను గానీ, మామూలుగా మధ్యాహ్నం హాయిగా భోంచేసే వస్తాను” అన్నాడు.

“మధ్యాహ్నాలు దొరకవుగా బావా.”

“దొరక్కపోవడమేంటి! నిన్న చూస్తే బోలెడు ఖాళీ.”

నడిపిది రెండు పేజీలూ తెరిచి చూసింది. కొత్త మిషన్లు వచ్చాక మధ్యాహ్నపు వేళలు కలిపారు. అవి రంగుల పేజీలోకే ఎక్కాయి. అవి కలిపేటప్పుడు సాదా పేజీ ఒకటుందని ఎవరికీ గుర్తు రాలేదు, పెట్టిన తనక్కూడా. నాన్నకి చెప్పింది.

ఆయన, “అయితే మీ అమ్మని ఊరికే చలిలో తిప్పానన్నమాట” అన్నాడు. అంతే.

“ఆ వేళలు కూడా ఎక్కించెయ్, సరిపోతుంది” అన్నాడు సంగతి విన్న ఆఫీసు పెద్దాయన.

“ఇవాళ ఎక్కిస్తానండీ. రేపు ఇంకోటి మారితే మళ్ళీ మర్చిపోతాం. రెండు పేజీలొద్దు, అందరికీ ఒక్కటే చేద్దాం. దానికి మొదటి గీత గియ్యక ముందే చూపు లేనివాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు, కూడబలుక్కుని చదివేవాళ్ళు అందరూ వచ్చి మన పక్కన కూర్చోవాలి.”

“ఇది ఆఫీసనుకున్నావా, సత్రమనుకున్నావా?”

“సత్రమే అనుకోండి. సత్రంలో అయినా కొందరిని దొడ్డిదారిన రమ్మనరు కదండీ!”

పెద్దాయన తల గోక్కున్నాడు. కేంద్రం వాళ్ళు ఊ అన్నారు గనక తనూ ఊ అనక తప్పలేదు.

పని మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నారు, ఈసారి వాళ్ళందర్నీ ఆఫీసులో పక్కన కూర్చోబెట్టుకుని. డ్రైవరు వేలు వణికి పక్క బటన్ మీద పడుతుంటే బటన్లు పెద్దవి చేశారు. కేంద్రం ఊడ్చే ఆవిడ ‘ధ్రువీకరించు’ దగ్గర ఆగిపోయి, “ఇదేం మాటమ్మా, నోరు తిరగట్లేదు” అంటే ‘సరే’ అని మార్చారు. నాన్న ఫోనుకి ప్రతి బటనూ తన పేరు చెప్పుకోవడం నేర్చింది. ఆ ఆఫీసులో కూర్చునుండగానే ఆయన మధ్యాహ్నపు వేళ ఒకటి తీసుకున్నాడు, అందరూ తీసుకునే పేజీలోనే.

కొన్ని నెలలు ఆలుమగలిద్దరూ ఎండ పూట వెళ్ళి వచ్చారు. ఆ తర్వాత ఆయన పోయాడు.

ఆయన ముందే తీసుకుని ఉంచిన వేళ ఒకటి మిగిలిపోయింది. అమ్మ పక్కన కూర్చుని నడిపిది ఫోనులో దాన్ని రద్దు చేసింది. ఫోను కింద పెట్టేలోపే ఇంకెవరో తీసేసుకున్నారు.

“ఎవరే?” అంది అమ్మ. “మీ నాన్నలాంటివాళ్ళేనా?”

“తెలీదమ్మా. ఇప్పుడు అందరూ ఒక్క పేజీకే వస్తారుగా, ఎవరొచ్చారో దానికి కూడా తెలీదు.”