పాతర మీది బండ

స్వతంత్రం రాకముందు మా ఊళ్లో జొన్నలు దాచుకోవడానికి పాతరలు ఉండేవి. నేలలో లోతుగా గొయ్యి తవ్వి, గింజలు పోసి, పైన నాపబండ మూసేవాళ్లం. మా పాతర ఇంటి ముందు పంచలోనే ఉండేది. యుద్ధం జరిగే రోజుల్లో ఒక ఏడు వానలు లేక అది అడుగు దాకా ఖాళీ అయింది.

పక్కింటామె మొగుడు డోన్ స్టేషన్లో మూటలు మోయడానికి పోయాడు. ఆమె కూలికి పోయేది. కూతురికి పుట్టు చెవుడు. వీధిలో ఎద్దుల బండ్లు తిరిగేవి, పిల్లకు వెనకనుంచి వచ్చేది తెలియదు. అందుకని నడుముకు తాడు కట్టి, మా పంచ స్తంభానికి కట్టేసి పనికి పోయేది. విప్పమని చెప్పే ధైర్యం ఎవరికుంది? ఎద్దులు ఆగవు కదా.

ఒక సాయంత్రం ఆమె పిల్లకోసం వచ్చింది. నేను దంచడం అయిపోయి రోకలిని గోడకు ఆనిస్తుంటే జారి బండ మీద పడింది. బండ మీద అటు తిరిగి కూర్చున్న పిల్ల ఉలిక్కిపడి ఇటు చూసింది.

“అక్కా! ఇనింది! నా బిడ్డ ఇనింది!” తల్లి అక్కడే మోకాళ్లూనింది. “ప్రభువు చెవులు తెరిచినాడక్కా! ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్తా.” అంటూనే పిల్ల నడుము తాడు విప్పేసింది.

“తాడెందుకిప్పినావే?”

“ఇంగ తాడేమిటికి? బండి వస్తే ఇనపడతాది గదా!”

సంతలో కుండనైనా కొట్టి చూడకుండా కొన్నదాన్ని కాను నేను. పిల్లను వీధి మట్టిలో అటు తిప్పి నిలబెట్టాను. వెనకనుంచి అరిచాను, పళ్లెం వాయించాను. పిల్ల కోడిని చూస్తూ నిలబడిందే గాని తల తిప్పలేదు. మళ్లీ బండ మీద కూర్చోబెట్టి రోకలితో కొట్టాను. తిరిగింది.

“చెవి కాదమ్మే. కింద పాతర ఖాళీ. బండ అదురుతాది, ఒంటికి తెలుస్తాండాది.”

ఆమె పిల్లను దగ్గరికి లాక్కుంది. “రాయివే అక్కా నువ్వు. ఆదివారం దాకన్నా ఊరుకోరాదా?”

“ఊరుకుంటే, ఆదివారం దాకా బిడ్డ ఉండొద్దా?”

ఏడుస్తూనే తాడు మళ్లీ కట్టింది. నాతో మాటలు మానేసింది. పిల్లను మాత్రం నా దగ్గరే వదిలి పోయేది, ఇంకెక్కడ వదులుతుంది?

నేను పని మధ్యలో మడమతో బండను తన్నేదాన్ని. పిల్ల తిరిగితే, రమ్మని చెయ్యి ఊపి నాలుగు శనగకాయలు పెట్టేదాన్ని. అప్పటిదాకా ఆ బిడ్డను ఎవరూ పిలిచిందే లేదు, రెక్క పట్టి లాగడం తప్ప. పిలుపంటే ఏమిటో తెలిశాక, పంచ దిగే ముందు ఆగి మా ముఖం చూడడం నేర్చింది. అరచెయ్యి అడ్డం పెడితే నిలిచిపోయేది.

తల్లి కొన్నాళ్లు ఊరికే చూసింది. ఒకరోజు తానే వచ్చి బండను తన్నింది. పిల్ల పరుగెత్తి ఆమె నడుమును చుట్టుకుంది. అప్పుడు తాడు విప్పించాను. ఆమె పారేస్తానంటే ఒప్పుకోక మా బావి చేదకు కట్టాను.

ఆ తర్వాతి ఆదివారం ఆమె చర్చిలో లేచి, “నా బిడ్డకు చెవులు రాలే. పిలిస్తే మాత్రం వస్తాండాది,” అని కూర్చుంది.

మరుసటేడు జొన్నలు బాగా పండాయి. పాతర నింపితే బండ అదరదు. గింజలకు వెదురు గాదె అల్లించమన్నాను. మా ఆయన నవ్వాడు. “చినిగిన చేట పారేయనియ్యవు, ఉన్న పాతర ఖాళీగా పెట్టి గాదె కావాలంటావా? ఎప్పుడైనావే ఇంత దొరసానివి?”

జవాబు చెప్పబోతుంటే వెనక ధబ్బుమని చప్పుడైంది. పిల్ల రెండు కాళ్లతో బండ మీద ఎగిరి దూకి, నా వైపే చూస్తూ నిలబడింది. నన్ను పిలుస్తోంది.

“చూడు, ఖాళీ పాతరకూ పని ఉండాది,” అని ఆయనతో అని పోయాను.