రెండో అరచేతి చందమామ

ఆదివారం పొద్దున్నే ఆశ్రమం నుంచి సిస్టర్ ఫోన్ చేసింది. "మీ ఆంటీ పోయారమ్మా. నిద్రలోనే." గొంతు తగ్గించి అడిగింది. "నిన్న గోరింటాకు రెండు చేతులకీ పెట్టావా?"

లేదు. నేను పెట్టింది ఎడమచేతికి మాత్రమే.

ఆంటీ అంటే మా కింది వాటాలో బ్యూటీ పార్లర్ నడిపినావిడ. బ్రాడీపేటలో మా వీధి ఆడవాళ్ళందరి కనుబొమలూ ఆవిడ దారం కిందికి వచ్చినవే. శనివారం మధ్యాహ్నం షట్టర్ దించేసి, మిర్చి నిలవచేసే కోల్డ్ స్టోరేజీలు దాటాక ఊరి బయట ఉన్న ఆశ్రమానికి వెళ్ళేవారు. మందులకి ఇక లొంగని జబ్బులవాళ్ళని ఆఖరి రోజుల్లో నొప్పి తెలియకుండా చూసుకునే చోటది. అక్కడ తలలు దువ్వి, గోళ్ళు తీసి, పాదాలకు క్రీము రాసేవారు. లేవలేని వాళ్ళని కూడా "జడ ఏ మోడల్ కావాలండీ?" అని కస్టమర్ని అడిగినట్టే అడిగేవారు.

డిగ్రీ అయ్యాక కోచింగులు మారుతూ ఏదీ పూర్తిచెయ్యని నన్ను ఒకరోజు గోరింటాకు, దువ్వెనల బుట్ట మొయ్యడానికి పిలిచారు. "కాలు ఎలాగూ నిలవదు నీకు. చెయ్యి అయినా ఒకచోట నిలుపు" అన్నారు.

మిర్చి సీజన్లో ఆ దారంతా ఘాటు. ఆటో డ్రైవరు తుమ్ముతూనే నడిపేవాడు. వార్డులోకి అడుగు పెట్టగానే ఆ ఘాటు తెగిపోయి పచ్చి గోరింటాకు వాసన వచ్చేది. వరసగా మంచాలు. తెల్లటి దుప్పట్ల మీద ఒక్కొక్కరిదీ ఒక్కో చెయ్యి, ఎర్రగా.

ఎందుకంటే ఆంటీ ఎప్పుడూ ఒక చేతికే పెట్టేవారు. అరచేతిలో చందమామ, వేళ్ళకి టోపీలు. రెండో చెయ్యి వచ్చే శనివారం. "రెండూ కట్టేస్తే ముక్కు దురదపెట్టినప్పుడు ఎవరు గోకుతారే?" అనేవారు.

వార్డు మాత్రం ఇంకోలా నమ్మింది. రెండో చెయ్యి మిగిలున్నవాళ్ళు, డాక్టరు ఇవాళో రేపో అన్నవాళ్ళతో సహా, శనివారం దాకా ఉండేవాళ్ళు. అదీ పండాక ఎక్కువ రోజులు ఉండేవాళ్ళు కాదు. ఒకసారి ఆటోలో అడిగేశాను, "మీరు గమనించారా ఆంటీ?" అని.

"ఆకు ఒలికిపోతోంది, సరిగ్గా పట్టుకో" అన్నారు. ఇంటి మలుపు దగ్గర, నావైపు చూడకుండా, "గమనించకుండానే ఇన్నేళ్ళు వస్తానా?" అన్నారు.

కిటికీ పక్క మంచంలో ఒంగోలు వైపు నుంచి వచ్చిన మామ్మ ఉండేది. మిరపకోతలకు పోయి పోయి ఆవిడ చేతులు మండుతూనే ఉండేవి. ఆకు తగలగానే కళ్ళు మూసుకుని, "ఏమే పార్లరమ్మా, నన్నెప్పుడు పంపిస్తావ్?" అనేది. "నీ చెయ్యి ఆరనీ, తొందరేముంది?" అనేవారు ఆంటీ. మామ్మకి కుడిచెయ్యి మిగిలి ఉండగానే ఆంటీ మంచాన పడ్డారు. కొన్నాళ్ళకి ఆవిడే రోగిగా మామ్మ పక్క మంచంలోకి వచ్చారు; మామ్మ కుడిచెయ్యి అలాగే మిగిలిపోయింది.

చేరిన దగ్గర్నుంచీ తనకి గోరింటాకు పెట్టనివ్వలేదు. ఆ ఆఖరి శనివారం తనే ఎడమచెయ్యి చాపారు. ఆవిడ పెరట్లోని చెట్టు ఆకే రుబ్బి తెచ్చాను. పెట్టడం అయ్యాక కుడిచెయ్యి కూడా చాపారు.

"ఇదీ పెట్టెయ్."

"వచ్చే శనివారం ఆంటీ."

"నా మాట నాకే అప్పజెబుతున్నావే." నవ్వబోయి, నొప్పికి పెదవి కొరుక్కున్నారు. "అలిసిపోయానమ్మా."

గిన్నెలో ఆకు ఇంకా ఉంది. నేను మూత పెట్టేశాను.

ఫోను రాగానే వెళ్ళాను. సిస్టర్ దుప్పటి తొలగించింది. ఎడమ అరచేతిలో నేను పెట్టిన చందమామ నల్లగా పండింది. కుడి అరచేతిలో ఇంకొకటి ఉంది. లేతగా, అంచులు చెదిరి. వేళ్ళ కొసలకి కూడా మసక మసకగా టోపీలు.

"దణ్ణం పెట్టుకుంటందనుకున్నా" అంది మామ్మ, పక్క మంచంలోంచి. "తడిచెయ్యి తీసుకుని రెండోదానికి అదిమి పట్టింది. సానాసేపు అట్టాగే ఉంది. ఏమే అంటే, ఆరనీ మామ్మా అంది."

ఏదీ పూర్తిచెయ్యని నాకు, ఇంకొకరి కోసం కొంచెం మిగిల్చి ఉంచడం కూడా పనేనని ఆవిడే నేర్పారు. మిగిల్చినదాన్ని ఎప్పుడు ముగించాలో మాత్రం నన్ను అడగలేదు. అడిగారు. నేనే ఒప్పుకోలేదు.

ఆంటీ పోయిన తర్వాతి శనివారం ఒక్కదాన్నే వెళ్ళాను. గిన్నె మూత తియ్యగానే మామ్మ కుడిచెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

"ఇయ్యాల వద్దులే అమ్మాయ్. వచ్చే వారం సూద్దాం."

"సరే మామ్మా."

మిగతా మంచాలన్నీ చూసి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాను. ఆంటీ మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. మామ్మ ఆ మంచం వైపే తిరిగి నిద్రపోతోంది. ఆవిడ దుప్పటి కింద ఆ చెయ్యి మాత్రం మెల్లగా మూసుకుంటూ, తెరుచుకుంటూ ఉంది.