అర సెకను మనిషి

ఎవరైనా ప్రశ్న అడగడం చెవిన పడితే చాలు, మాస్టారి బొటనవేలు స్టాప్‌వాచ్ మీదికి వెళ్ళిపోయేది. అడిగింది తననైనా, పక్కవాడినైనా ఒకటే. అడిగినవాడు జవాబు కోసం ఎంతసేపు ఆగాడన్నదే ఆయనకు కావాలి. ఒకసారి పళ్ళ డాక్టరు "నొప్పిగా ఉందా?" అని అడిగి, బదులు వినకుండానే పన్ను పట్టుకుంటే, మాస్టారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి వాచీని ఆయన ముక్కు ముందు పెట్టారట.

ఇది పిచ్చి కాదు, ఉద్యోగం. కొత్త టీచర్లకు తర్ఫీదు ఇవ్వడం, అప్పుడప్పుడు తానే పిల్లలకు పాఠం చెప్పి చూపించడం ఆయన పని. ప్రశ్న అడిగాక టీచరు మూడు సెకన్లు ఊరుకుంటే ఎన్నడూ పలకని పిల్లలు కూడా పలుకుతారని, ఇరవై ఏళ్ళుగా బడి బడీ తిరిగి కొలుస్తున్నారు. ఆయన భార్య ఈ బాధ పడలేక "భోంచేస్తారా?" అనడం మానేసి, "భోంచేస్తున్నారు, రండి" అనడం మొదలుపెట్టిందని వినికిడి.

ఆ ఏడాది ఆయన కొలతకు చిక్కినవాళ్ళలో ఒక సైన్సు టీచరు ఉంది. కొత్తగా చేరింది, గలగలా మాట్లాడే మనిషి. మొదటిరోజే మాస్టారు చివరి బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఒదిగి కూర్చున్నారు.

"నీళ్ళు మరిగితే ఏమవుతాయి? ఆవిరవుతాయి. ఆవిరి ఎక్కడికి పోతుంది? పైకి పోతుంది."

వెనక నుంచి టిక్కు, టిక్కు. గంట కొట్టాక మాస్టారు లేచి వచ్చారు.

"పాఠం బాగుందమ్మా. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ముప్పావు సెకను."

"వాళ్ళు చెప్పరు సార్. తెలిస్తే కదా."

"ముప్పావు సెకనులో నా పేరే నాకు గుర్తు రాదమ్మా."

ఆమెకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నం టీచర్ల గదిలో నడుం వంచి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, డస్టరును వాచీలా పట్టుకుని, "అమ్మా, నువ్వు తుమ్మడానికి రెండు సెకన్లు పట్టింది" అని మాస్టారి గొంతుతో అంది. అందరూ పడీ పడీ నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరిగింది. గుమ్మంలో మాస్టారు.

ఆయన తలూపారు. "గొంతు అచ్చం అలాగే ఉంటుంది. కానీ వాచీ నేను ఎడం చేత్తో పట్టుకుంటానమ్మా. కుడి చేత్తో రాసుకోవాలి కదా."

ఆమెకు నేల చీలితే దూరిపోదామనిపించింది.

శనివారం సమావేశంలో మాస్టారు తాను కొలిచిన వివరాలు బోర్డు మీద రాశారు. ఆరు అంకెలు, పేర్లు లేవు. నాలుగో అంకె అర సెకను.

"ఆ నాలుగో మనిషి ప్రశ్నలు అడగడం దేనికి? గోడతో మాట్లాడుకోవచ్చు కదా" అన్నాడు లెక్కల టీచరు. గదంతా గొల్లుమంది.

సైన్సు టీచరు చెవులు కాలిపోయాయి. అది తనే, మాస్టారు ముప్పావును ఇంకాస్త తగ్గించి కసి తీర్చుకున్నారనుకుంది.

"ఎవరండీ ఆ నాలుగో ఆవిడ?" అని హెడ్మిస్ట్రెస్ అడిగింది.

"పేర్లు చెప్పనని మాటిచ్చానండీ" అన్నారు మాస్టారు.

సమావేశం అయ్యాక ఆమె మాస్టారి వెనకే వరండాలోకి వెళ్ళింది. "వెక్కిరించడం నా తప్పే సార్. అందుకని నా అంకె మార్చి రాస్తారా?"

మాస్టారు బిత్తరపోయారు. "నీది రెండోదమ్మా, ముప్పావే. ఆ నాలుగోది నేను. పోయిన నెల పాఠం చెప్తుంటే మా ఆవిడను వెనక కూర్చోబెట్టి కొలిపించాను."

"మరి మీదని చెప్పలేదేం? అంతమంది నవ్వుతుంటే?"

"మొదటిసారి కొలత చూసుకున్నవాళ్ళకి రాత్రి నిద్ర పట్టదు. తమకంటే అధ్వాన్నం ఇంకొకరున్నారంటే కాస్త ఊపిరాడుతుంది. అందుకే ప్రతి బడిలోనూ నా అంకె ఒకటి కలుపుతాను. నాదని చెబితే, పెద్దాయన పరాచికాలాడుతున్నాడంటారు, నమ్మరు."



సోమవారం క్లాసులో "తడిబట్ట ఎందుకు ఆరుతుంది?" అని అడిగి పెదవులు బిగపట్టింది. మూడు సెకన్లు మూడేళ్ళలా గడిచాయి. కిటికీ పక్క పిల్ల చెయ్యి సగం లేచింది. వాళ్ళమ్మకు పంపే ప్రగతి పత్రంలో ఆ పిల్ల గురించి ఈమే "చురుకు లేదు" అని రాసిపెట్టింది.

"నీళ్ళు మరక్కుండానే ఆవిరవుతాయి కాబట్టి టీచర్" అంది ఆ పిల్ల, నెమ్మదిగా.

ఆ మధ్యాహ్నం ఆమె పత్రాల కట్ట విప్పి ఆ ఒక్కటే కాదు, ముప్పై ఎనిమిదీ మళ్ళీ రాసింది. సంగతి విని మాస్టారు వాచీ ఆమె చేతిలో పెట్టి, "రేపు నా పాఠానికి రామ్మా. మా ఆవిడ మొహమాటపడి ఎక్కువ వేసిందేమోనని అనుమానం" అన్నారు.

మర్నాడు ఆమె చివరి బెంచీలో కూర్చుంది. మాస్టారు మొదటి రెండు ప్రశ్నలకీ బాగానే ఆగారు. మూడోది ఆయనకు ఇష్టమైన నక్షత్రాల గురించి. అడగడం, జవాబు చెప్పేయడం, దాని మీద ఇంకో ప్రశ్న, దానికీ ఆయనే జవాబు. హఠాత్తుగా గుర్తొచ్చి నాలుక్కరుచుకుని, పిల్లల తలల మీదుగా ఆమె వంక చూశారు.

"ఎంతమ్మా?"

"పావు సెకను సార్."

"రాసెయ్. దాచకు" అని, సిగ్గుతో ఎర్రబడ్డ మొహాన్ని బోర్డు వైపు తిప్పుకున్నారు.