సబ్బుపెట్టెలో స్విచ్చి

కారు అమ్మేస్తానని మా ఆయన కామవరపుకోట రైతు ఒకాయనకు మాటిచ్చి వచ్చిన రోజు నేను అన్నం వడ్డించలేదు. "ఆదివారం చర్చి అయ్యాక వస్తానన్నారు," అంటూ గిన్నె దగ్గరికి లాక్కుని ఆయనే పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండువేల ఐదు ప్రాంతం. మా ఏలూరు వీధిలో కారు నడిపే ఆడమనిషిని అప్పటికి నేనొక్కదాన్నే. ఆ పాత పెట్రోలు కారులోనే డ్రైవింగ్ నేర్చుకున్నాను. తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి, అక్కడి ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌కి, అందులోనే వెళ్ళొచ్చేదాన్ని. అది పోతే మళ్ళీ బస్సులో వేలాడడమే!

దానికొచ్చిన జబ్బు చిన్నదే. ఇంజనుకు గాలి వెళ్ళే గొట్టంలో ఒక రేకు తలుపు ఉంటుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అది మూసుకుని ఉంటేనే లాగుడు. నిమిషానికి మూడువేల చుట్లు దాటగానే తెరుచుకోవాలి, లేకపోతే ఇంజనుకు ఊపిరాడదు. ఆ తలుపు తెరిచే కంట్రోలు పెట్టె చచ్చిపోయింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. మెకానిక్ తలుపును మూసి తీగతో కట్టేసి, "ఇంకింతేనండీ, నెమ్మదిగా పోనివ్వండి," అన్నాడు.

"ఆ పెట్టె నేను చేస్తాను," అన్నాను.

"మెకానిక్కే వదిలేశాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నారు మా ఆయన.

"ఏవండీ, కారు లాగితే ఉంచుతారా?"

"ముందు లాగనీ."

ఆ మాట చాలు నాకు. ఏటా ల్యాబ్‌లో పిల్లలకు చెప్పే పాఠమే కదా! సెకనుకు ఎన్ని స్పార్కులు పడుతున్నాయో కనిపెట్టి, అనుకున్న లెక్క దాటగానే రిలేని, అంటే కరెంటుతో పడే స్విచ్చిని, కొట్టే సర్క్యూటు. రేడియో సామాన్ల షాపులో ఐసీ, రిలే, నాలుగు డయోడ్లు కొన్నాను. డబ్బా కోసం ఇల్లంతా వెతికి, చివరికి కొత్త సబ్బుపెట్టెకు చిల్లులు పెట్టాను. పొయ్యి మీద పప్పు మాడింది. మాడితే మాడనీ!

మరి మూడువేల చుట్లు ఎలా కొలవాలి? కారులో ఇంజను వేగం చూపించే మీటరు లేదు. శుక్రవారమంతా అదే ఆలోచన. శనివారం మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే తట్టింది. గోడలో వచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. డయోడ్లు నాలుగూ కలిపితే అవి వంద దెబ్బలవుతాయి. మా నాలుగు సిలిండర్ల ఇంజను మూడువేల చుట్ల మీద సెకనుకు వేసే స్పార్కులూ సరిగ్గా వందే! అంటే నా కొలబద్ద గోడలోనే ఉందన్నమాట. తడి చేతులతోనే లోపలికి పరిగెత్తాను.

చిన్న ట్రాన్స్‌ఫార్మరు తగిలించానో లేదో, కరెంటు పోయింది. అది మామూలే. మా సందులో ఇంటింటికీ ఒక లైను ఇచ్చిన జనరేటరు మోగింది. ప్లగ్గు ఆ లైనుకు మార్చి, రిలే టక్కుమనేదాకా లెక్క సరిచేసే స్క్రూ తిప్పి, పెట్టె మూసేశాను.

సాయంత్రం తీగ విప్పి, పెట్టెను డ్యాష్‌బోర్డు కింద బిగించి, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొల్లేటికోట వైపు బయల్దేరాను. గట్టు ఎక్కుతున్నాం. ఇంజను ఇంకా వేగం అందుకోలేదు, అప్పుడే పెట్టె టక్కుమంది. కారు డీలా పడిపోయింది. మళ్ళీ ప్రయత్నించినా అంతే.

"ఇదివరకు ఎత్తులన్నా ఎక్కేదే తల్లీ," అన్నారాయన. నేను గేరు మార్చాను. మాట్లాడితే ఏడుస్తాను.

చేపల చెరువుల పక్కన ఒక పాకలో టీకి ఆగాం. ఉక్కపోత. పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేటంత నెమ్మదిగా తిరుగుతోంది. ఆ చిరాకులో టీ కొట్టాయన మీద పడ్డాను. "ఏంటండీ ఈ ఫ్యాను?"

"జనరేటరు మీదుందండీ. డీజిలు కలిసొస్తుందని కాస్త స్పీడు తగ్గించానండి. అందరూ అంతేనండీ."

గ్లాసు కింద పెట్టేశాను. ఓరి దేవుడా! మా సందు జనరేటరూ అంతే! దాని వేగం తగ్గితే కరెంటు ఊగడమూ తగ్గుతుంది. నేను వంద అనుకున్నవి ఏ ఎనభై దెబ్బలో అయ్యుంటాయి. తలుపు రెండువేల నాలుగొందలకే తెరుచుకుంటోంది!

"సర్క్యూటు తప్పు కాదండీ! కొలబద్ద తప్పు!" అని పాక అదిరేలా అరిచాను. మా ఆయన నా టీ కూడా ఆయనే తాగేసి లేచారు.

ఆదివారం పొద్దున్నే అసలు కరెంటు మీద స్క్రూ మళ్ళీ తిప్పాను. నడిపి చూసే వ్యవధి లేదు. చర్చిలో కళ్ళు మూసుకున్నానే గానీ ప్రార్థన ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఇంటికొచ్చేసరికి రైతుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"నేనే నడుపుతానండీ," అని తాళాలు లాక్కున్నాను. ఆయన ముందు కూర్చున్నారు, మా ఆయన వెనక. తాడేపల్లిగూడెం రోడ్డెక్కి, గేరు మార్చి, గట్టిగా తొక్కాను. ఇంజను గొంతు పెరిగింది. ఇంకా పెరిగింది. టక్! సీటు నా వీపును నెట్టింది. ముందున్న లారీ క్షణంలో వెనక్కి పోయింది. నేను కేక పెట్టాను. రైతుగారు డోరు పట్టుకుని, "అబ్బో అబ్బో!" అన్నారు. వెనక నుంచి మా ఆయన, "ఓసి దీని దుంప తెగ!" అన్నారు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా లేదు.

ఇంటి ముందు దిగాక రైతుగారు బానెట్ నిమిరారు. "ఇలా లాగుతుందని చెప్పలేదేమండీ? ఇప్పుడే తీసుకెళ్తాను."

బాగుచేసి చేతులారా అప్పగించినట్టయింది. మా ఆయన మాట తప్పే మనిషి కాదు.

ఆయన నావైపు చూడలేదు. వంగి, డ్యాష్‌బోర్డు కింద నుంచి సబ్బుపెట్టె ఊడదీశారు. "కారు మీదేనండీ, మాటిచ్చాను. ఇది మాత్రం ఆ రోజున కారులో లేదండీ. మా ఆవిడ చేసుకుంది." తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉంది.

రైతుగారు పెట్టెనూ నన్నూ మార్చి మార్చి చూశారు. "అది లేకపోతే నాకీ కారెందుకండీ? ఏమ్మా, ఇస్తారా?"

"ఇవ్వనండీ," అన్నాను.

ఆయన నవ్వేసి, "అయితే కారూ మీరే ఉంచుకోండమ్మా," అని మంచినీళ్ళు అడిగారు. పెట్టె మళ్ళీ తగిలించి, ఆయన్ని బస్టాండులో నేనే దింపి వచ్చాను.