ఎనభై నాలుగు వాళ్ళు చూస్తారని

కౌంటరు దగ్గర పదకొండేళ్ళు కూర్చున్న పూనమ్‌ను వెనక గదికి మార్చినప్పుడు ఎవరూ వీడ్కోలు చెప్పలేదు. వెనక గది ముప్పై అడుగుల దూరంలోనే ఉంది. నాందేడ్‌లోని ఆ సర్కారు ఆఫీసులో ఒకప్పుడు ఉద్యోగం కావాలన్నవాళ్ళ పేర్లు రాసుకునేవారు. చదువుకున్న పిల్లలు జిల్లా నలుమూలల నుంచీ వచ్చి, ఫారం నింపి, మూలన ఫోటో అంటించి, పిలుపు వస్తుందని ఇంటికి పోయేవారు. ఆ పాత ఫారాలన్నీ ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గదిలో ఒక స్కానరు, ఒక ఫ్యాను, ఎర్రగుడ్డల్లో కట్టిన మూటలు, పూనమ్.

కౌంటరు దగ్గరున్నన్నాళ్ళూ ఆమె చీరలకు ఆఫీసులో పేరుండేది. వెనక గదికి ఎవరూ రారు. రెండు నెలలు గడిచేసరికి ఆమె ఇంట్లో వేసుకునే రెండు డ్రెస్సులనే మార్చి మార్చి వేసుకొస్తోంది. తల దువ్వుకోవడం కూడా బస్సులోనే.

ఒకరోజు మాండవి నుంచి పేరు రాయించుకున్న మారోతి అనే కుర్రాడి ఫారం చేతికొచ్చింది. ఫోటోలో అతను కోటు వేసుకున్నాడు. కోటు భుజాలు అతని భుజాలు దాటి చెరో బెత్తెడు బయటికున్నాయి. పై గుండీ లేదు. అప్పటికే ఆ గుండీ లేని కోటును ఆమె ఎనిమిది మంది ఒంటిమీద చూసింది. ఫోటో స్టూడియో వాళ్ళది అయ్యుంటుంది. మిగతా ఎనిమిది మంది కెమెరాను చూశారు. మారోతి మాత్రం పూనమ్‌ను చూస్తున్నాడు. చూస్తున్నది ఆమె చున్నీ మీద పసుపు మరకను.

చున్నీ తిప్పి వేసుకుంది. అటువైపు ఇంకో మరక ఉంది. ఇక లాభం లేదని అతని మొహం మీద ఒక పసుప్పచ్చ చీటీ అంటించి పని చేసుకుంది. స్కానరు చీటీతో సహా తీసింది. తలకు బదులు పసుప్పచ్చ చదరమున్న మారోతి వారంపాటు సర్కారు దస్త్రాల్లో ఉన్నాడు. పైఅధికారి పిలిచి అడిగితే, పొరపాటైందని చెప్పి మళ్ళీ తీసింది. ఈసారి ఇస్త్రీ చీర కట్టుకొచ్చి తీసింది.

అప్పట్నుంచి అది అలవాటైపోయింది. సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు మర్నాటి మూట విప్పి, ఎవరెవరున్నారో చూసుకునేది. టీచరు ఉద్యోగం కోరుకున్న ఆడపిల్లలుంటే గంజి పెట్టిన నూలు చీర. ఐటిఐ ఫిట్టర్లుంటే కొంగు బిగించి దోపుకునేది, వేలాడే కొంగు మెషిన్ల దగ్గర పనికిరాదని వాళ్ళకు తెలుసు కనక. డ్రైవర్లకు ఏం కట్టాలో చాలా ఆలోచించి, చివరికి ముదురు రంగు కట్టింది.

ఆమె భర్త కైలాస్‌కు మొబైల్ రిపేరు దుకాణం ఉంది. పొద్దున్నే అద్దం ముందు కుచ్చిళ్ళు సర్దుకుంటున్న భార్యను చూసి అడిగాడు.

"ఏంది, ఇయ్యాల పెద్ద సాయబ్ అస్తున్నడా?"

"లేదు. ఎనబై నాలుగుల పేరు రాయించినోళ్ళు ఉన్నరు."

"ఎంతమంది?"

"రెండు వందల ముప్పై."

కైలాస్ దుకాణం తాళాలు తీసుకున్నాడు. "గట్లయితే బంగారం గాజులు గూడ ఏసుకో," అని దుకాణానికి పోయాడు.

వానాకాలంలో ఒక మంగళవారం, పదకొండు గంటలప్పుడు, ఒక పెద్దావిడ గొడుగు నుంచి నీళ్ళు కారుస్తూ ఆ గదిలోకి వచ్చింది. పేరు రుక్మాబాయి అని చెప్పింది. కుండల్‌వాడి నుంచి పొద్దున బస్సుకు వచ్చింది. కౌంటరు వాళ్ళు లోపల అడగమన్నారు.

"పింఛన్ల కోసం వయసు దాఖలా కావాల్నంట మేడమ్. బడిల కాగితాలు చెదలు తిన్నయి. గీ ఆఫీసుల ఎనబై నాలుగుల పేరు రాయించిన. పుట్టిన తారీకు రాసుకున్నరు. ఉంటదా, పారేసిండ్రా?"

"రుక్మాబాయి అంటే, చేతికి గడియారం ఉన్న రుక్మాబాయేనా?"

పెద్దావిడ తన ఖాళీ మణికట్టు చూసుకుంది.

పూనమ్ లేచి, జాబితా కూడా చూడకుండా, నేరుగా పోయి ఒక మూట దించింది. అంత చిన్న ఫోటోలో మామూలుగా చెయ్యి కనబడదు. రుక్మాబాయి చెయ్యి కనబడుతోంది. కొంగు సర్దుకుంటున్నట్టు చేతిని భుజం మీదికి తెచ్చి, గడియారం కెమెరాకు తిప్పి పెట్టింది. ఇరవై నాలుగేళ్ళ మనిషి, కొత్త చీర, మూసిన పెదాలు.

"ఫోటో తీసేటోడు చెయ్యి దించు దించు అని ఒకటే ఒర్రుడు. నేను దించలే," అంది రుక్మాబాయి. "చీర పక్కింటోళ్ళది. గడియారం మా అన్నది. గీ ఫోటోను సాయబ్ జూస్తడు గదా, గడియారముంటే టైముకు అస్తదని అనుకుంటడని."

"నడిచేదా?"

"లేదు. ముళ్ళు పది మీద వెట్టుకున్న. ఆఫీసు టైము."

"పిలుపు అచ్చిందా అమ్మ?"

"యాడిది? రెండేండ్లు పోస్టుమన్‌కు ఎదురుంగ కూసున్న. తర్వాత మిషిను కొనుక్కొని రైకలు కుట్టుకున్న. నలబై ఏండ్లాయె." ఫోటోను వేలితో తుడిచింది. "సాయబ్ అసలు జూసిండో లేదో."

అబద్ధం చెప్పడానికి పూనమ్‌కు మనసొప్పలేదు. ఫారం మీద సాయబ్ సంతకం కోసం గీసిన గీత ఖాళీగా ఉంది. "ఆయన సంగతి నాకు తెల్వదమ్మ. నేనైతే చూసిన. మొన్న మాఘమాసంల. ఆ రోజు మీ కోసం నీలం చీర కట్టుకొని అచ్చిన."

"నా కోసమా? నేను కుండల్‌వాడిలనే ఉంటిగా."

"ఫోటోల ఉన్నరు కదా."

రుక్మాబాయి దీన్ని నవ్వులాటగా తీసుకోలేదు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, పూనమ్‌ను కిందినుంచి పైదాకా చూసింది. ఇన్నాళ్ళుగా పూనమ్ ఎవరెవరికోసం తయారైందో, వాళ్ళలో ఒకరు ఎదురుగా నిలబడి చూడడం ఇదే మొదటిసారి. ఆమె కుచ్చిళ్ళు సర్దుకుని నిటారుగా నిలబడింది. కౌంటరు దగ్గర ఆఫీసర్ల ముందు కూడా అట్లా నిలబడలేదు.

"చీర మంచిగుంది," అంది రుక్మాబాయి. "రైక ఎవడు కుట్టిండు?"

"ఇక్కడనే, బజార్ల."

"భుజం జారింది. చంకల గుడ్డ మిగిలింది. గిట్ల కుట్టినోనికి మల్ల ఇయ్యకు బిడ్డ."

"సరే అమ్మ."

దాఖలాకు సంతకం, ముద్ర పడేసరికి మధ్యాహ్నం రెండయింది. అసలు ఫోటో ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోవు. పూనమ్ దాన్ని పెద్దది చేసి, రంగు ప్రింటు తీసిచ్చింది. అందులో గడియారం చాలా స్పష్టంగా, పది గంటలు చూపిస్తూ వచ్చింది. రుక్మాబాయి దాన్ని మడవకుండా గొడుగు కింద పట్టుకుని బస్టాండుకు పోయింది.

పదిహేను రోజులకు కుండల్‌వాడి నుంచి వచ్చిన ఒక కండక్టరు కౌంటరులో ఒక పొట్లం ఇచ్చి పోయాడు. లోపల నీలం రైక. చీటీ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: కొలతలు కండ్లతోని తీసుకున్న. పింఛన్ మంజూరైంది.

భుజాలు సరిగ్గా కుదిరాయి. చేతులు మాత్రం కాస్త బిగుతు. పై అరలోని మూటలు అందుకునేటప్పుడు ఇబ్బంది పెడుతున్నాయి కాబట్టి, కింది అరల పని ఉన్న రోజుల్లో వేసుకుంటోంది.